లోటు లేదని రాసిన అర్జీ

మొన్న పొద్దున్న నేను పేపరు చదువుకుంటూ ఉండగా, మా ఊరి మహిళా సంఘం కార్యదర్శి ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని మా అరుగెక్కింది. ఒకప్పుడు మా ఊరి మిషన్ బడిలో పాఠాలు చెప్పిన పంతులమ్మగారి మనవరాలు ఈ అమ్మాయి. ఊళ్లో మంచినీళ్ల ఫిల్టరు మూలపడి రెండేళ్లయింది. ఊరుమ్మడి పనులకు గ్రాంటు ఇచ్చే సంస్థ ఏదో ఉందని తెలిసి దరఖాస్తు తయారుచేస్తోంది. గడులన్నీ నింపింది కానీ ‘మీ గ్రామానికి ఉన్న లోటు ఏమిటి’ అన్న చోట ఆగిపోయిందట. “మొదటి ఫిల్టరు మీ చేతిరాత వల్లే వచ్చిందని మా మామ్మ చెప్పేదండీ తాతగారూ. ఈ ఒక్క గడీ మీరు చెప్పండి, నేను టైపు కొట్టుకుంటాను” అంది.

పేపరు మడిచి పక్కన పెట్టాను. ఆ గడిని నేనొకసారి తప్పు నింపాను మరి.

భీమడోలుకు దిగువన, కొల్లేటి అంచున ఉన్న మా ఊళ్లో మా తాతగారి మాటకు తిరుగుండేది కాదని చెప్పుకునేవారు. నాకు ఊహ తెలిసేసరికి ఆ మాటా లేదు, దాని వెనకున్న పొలమూ లేదు. ఆయన తవ్వించిన మంచినీళ్ల చెరువు, దాని గట్టు మీద ఆయన పేరు చెక్కిన రాయి, వంగని మా వెన్నెముకలు మాత్రం మిగిలాయి. ఇంట్లో ఏది నిండుకున్నా గడప దాటి చెప్పకూడదన్నది మా నాన్నగారు నాకు నేర్పిన మొదటి పాఠం. ఆయన పోయాక నేను తాడేపల్లిగూడెంలో ఒక ఉల్లిపాయల కొట్టులో గుమాస్తాగా చేరాను. రోజూ భీమడోలులో ప్యాసింజరు ఎక్కి వెళ్లి, ఘాటు వాసనతో తిరిగివచ్చేవాణ్ణి. అయినా నా పంచె మడత ఏనాడూ నలగనివ్వలేదు. నా తరం వాళ్లకు ఈ పిచ్చి అర్థమవుతుందనుకుంటాను.

వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి చెరువులు నింపుకోవడం మా ప్రాంతపు పద్ధతి. మళ్లీ కాలువలు వదిలేదాకా ఆ నీళ్లే ఆధారం. ఏటేటా అవి పచ్చబడి, అడుగున బురద మిగిలి, పిల్లలు వాంతులతో మంచాన పడుతూ ఉండేవారు. అలాంటి రోజుల్లో ఏలూరులో ఒక సంస్థ ఉందనీ, జాగా ఇచ్చి మట్టిపని మనమే చేసుకుంటే ఇసుక ఫిల్టరుకూ ట్యాంకుకూ గ్రాంటు ఇస్తుందనీ పంతులమ్మగారు కబురు తెచ్చారు. చెరువు మాది కనుక, రాత బాగుంటుంది కనుక, అర్జీ రాసే పని ఊరివాళ్లు నాకు అప్పగించారు.

కొత్త పాళీ కొని మూడు రోజులు కూర్చుని రాశాను. చెరువు ఎవరు తవ్వించారో, గట్టు వేయించినప్పుడు ఎంతమంది భోంచేశారో, మా వంశంలో ఎవరి తర్వాత ఎవరో, అన్నీ వరసగా రాశాను. లోటు అన్న గడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. నాన్నగారి పాఠం గుర్తుకొచ్చింది. కాసేపు ఆలోచించి, ‘మా పూర్వీకుల చలవ వలన ఈ గ్రామమునకు ఏనాడూ నీటికి లోటు లేదు’ అని గుండ్రంగా రాసి, ఆ అక్షరాలు చూసుకుని మురిసిపోయాను కూడా.

ఏలూరు ఆఫీసులో ఆ కాగితాలు చదివిన పెద్దమనిషి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. “ఏవండీ, ఇది అర్జీనా అండీ, శుభలేఖా అండీ? లోటే లేదంటున్నారు, మరి మేమెందుకు ఇవ్వాలండీ?” అన్నాడు. పక్క బల్లలవాళ్లు నవ్వారు. నెలాఖరులోగా సరిగా రాసి తెస్తే చూస్తామనీ, లేకపోతే వరసలో ఉన్న మరో ఊరికి ఇచ్చేస్తామనీ కాగితాలు నా చేతిలో పెట్టాడు. తిరుగు రైలులో కూర్చోవడానికి చోటున్నా, భీమడోలు దాకా నిలబడే వచ్చాను.

పంతులమ్మగారు ఆ కాగితాలు చదివి నవ్వలేదు. “ఇందులో మీ తాతగారు ఉన్నారు గానీ, ఊరు లేదండీ బాబుగారూ. రేపు సాయంత్రం మా చర్చి ఆవరణకి రండి, కూర్చుని రాద్దాం” అన్నారు. సాయంత్రమే రమ్మని ఎందుకన్నారో నేను ఆలోచించలేదు. మాకు ఒకరు వేళ చెప్పడమేమిటన్న బిగువుతో ఎర్రటి ఎండలో, మధ్యాహ్నమే వెళ్లాను.

ఆ ఆవరణలో ఒక బావి ఉండేది. మా చుట్టుపక్కల ఉప్పదనం లేని నూతినీళ్లు అక్కడే. నూతి దగ్గర పది పన్నెండు మంది ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు. పంతులమ్మగారు చేదతో తోడి పోస్తున్నారు. వరసలో నాలుగో మనిషి చెంగు ముఖం మీదకు లాక్కుని, ఇత్తడి బిందె చంకన పెట్టుకుని ఉంది. ఆ బిందె సొట్ట నాకు తెలుసు. చిన్నప్పుడు నేను పడేస్తే పడిన సొట్ట అది.

మా ఇంటి ఆడవాళ్లు ఆ వైపు నీళ్లకు వెళ్తారని ఊహించడానికి కూడా ఆ రోజుల్లో నా మనసు ఒప్పుకునేది కాదు. అలా ఉన్నందుకు ఇవాళ సిగ్గుపడతాను. అమ్మ నన్ను చూసింది, కానీ వరస వదల్లేదు. తన వంతు వచ్చేదాకా నిలబడి, బిందె నిండాక అప్పుడు తలెత్తింది. నేను వెళ్లి బిందె అందుకుని భుజానికెత్తుకున్నాను. మా ఇంటి మగవాళ్లు అంతకుముందెన్నడూ నీళ్లు మోసి ఎరగరు. మెయిన్ బజారులో అరుగుల మీదివాళ్లు మెడలు తిప్పి చూశారు. వెనకనుంచి అమ్మ, “తొణక్కుండా నడవరా, నీకు అలవాటు లేదు” అంది.

ఎన్నాళ్లుగా వెళ్తున్నావని ఇంటికొచ్చి అడిగాను. మూడు వేసవులట. నాకు రోజూ కూజాలో పోసి ఇచ్చిన చల్లటి నీళ్లు మా తాతగారి చెరువువి కావట. నాకెందుకు చెప్పలేదంటే, “చెబితే నువ్వు తాగుతావట్రా? నువ్వు రాసిన కాగితం నిండా నీళ్లేరా అబ్బాయ్, కుండలోనే లేవు” అని నవ్వి, చెంగుతో నా భుజం తడి తుడిచింది.

ఆ సాయంత్రం పంతులమ్మగారి బల్ల దగ్గర కూర్చుని కొత్త కాగితం మీద, ‘మా ఇంట్లో కూడా మంచినీళ్లు లేవు’ అని మొదటి వాక్యం రాశాను. మిగతాది దానంతటదే వచ్చింది. చెరువు ఊరికి రాసిచ్చాం. మట్టిపనికి ఇంటికొకరు వచ్చారు. ఫిల్టరు నీళ్లు మొదటిసారి వదిలిన రోజున అమ్మ ఆ సొట్ట బిందెనే తీసుకెళ్లింది. పంతులమ్మగారి బిందె నిండాకనే తనది పట్టుకుంది.

అదే వాక్యం మొన్న పంతులమ్మగారి మనవరాలికి చెప్పాను. “మీ గుమ్మంలో కొన్న నీళ్ల టిన్ను ఉంది కదండీ తాతగారూ!” అంది ఆ పిల్ల. ఉంది. ఇప్పుడు ప్రతి గుమ్మంలోనూ ఉంది. దరఖాస్తుకు ముప్ఫై ఇళ్ల సంతకాలు కావాలంటే తొమ్మిదే వచ్చాయట. అందరూ ‘మాకేం లోటు లేదండీ, టిన్ను వస్తోంది కదండీ’ అంటున్నారట. నా పాత వాక్యం ఊరంతా తిరుగుతోందన్నమాట. కర్ర తీసుకుని తన వెంట బయలుదేరాను.

చేపలవాళ్ల వీధి చివర ఇంటి ముసలమ్మ కూడా ఆ మాటే అంది. అరుగు మీద కూలబడి, జీవితంలో ఎవరినీ ఏదీ అడగని నేను, “కాసిని మంచినీళ్లు ఇయ్యమ్మా” అన్నాను. ఆమె లోపలికి వెళ్లి, గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. “ఇవి మీరు తాగేవి కాదు బాబుగారూ, చెరువు నీళ్లు గుడ్డలో వడగట్టినవి” అంది నెమ్మదిగా. ఇటివ్వమని చేయి చాచి గ్లాసు అందుకుని తాగాను. ఆమె ఖాళీ గ్లాసు పుచ్చుకుని, కలం ఎక్కడుందని పిల్లనడిగింది.

అప్పట్లో ఊరందరి దాహమూ ఒక నూతి దగ్గర కనిపించేది, అమ్మ చెంగు కప్పుకున్నా నేను గుర్తుపట్టగలిగాను. ఇప్పుడు ఎవరి టిన్ను వారి గుమ్మంలో మూత బిగించి ఉంటోంది, ఏ ఇంట్లో ఏం నీళ్లు తాగుతున్నారో తెలియాలంటే వెళ్లి అడిగి తాగాల్సిందే.