విఠల్ సార్ రౌండు, తాళం వేసిన గేటు

నిన్న పొద్దున గాంధీ గంజ్‌లో చాయ్ తాగుతుంటే ఫోన్ వచ్చింది. మేనల్లుడు సాయినాథ్.

"మామా, విఠల్ సార్ పోయిండు."

ఎక్కడికి అని అడిగాను. నిజంగానే అడిగాను. ముందురోజు సాయంత్రం ఇదే కొట్టు ముందు నాతో వాదించి వెళ్లిన మనిషి.

వాడు ఏడుపు అందుకున్నాడు. అప్పుడు అర్థమైంది.

నిద్రలోనే గుండె ఆగిందట.

నేను సార్ ఇంటికి ఇంకా చేరనైనా లేదు, నా ఫోన్‌లోకి ఫోటో వచ్చింది. స్కూలు గేటు మీద ఫ్లెక్స్. సగం ఫ్లెక్స్ చైర్మన్ గారి ముఖం. ఓ మూలన పాస్‌పోర్ట్ సైజులో సార్. కింద: "మీ ఆశయమే మా బాట."

ఆ ఆశయం ఏమిటో చైర్మన్ గారికి తెలిసినట్టు లేదు. అందుకే ఈ పోస్ట్.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. విఠల్ సార్ మా బీదర్‌లో ఒక మగపిల్లల హైస్కూల్లో డ్రిల్ మాస్టర్. ప్రేయర్ అయ్యాక వచ్చినవాళ్లు గ్రౌండు చుట్టూ ఒక రౌండు పరుగెత్తాలి. అది అక్కడి పాత శిక్ష. సార్ దాన్ని తీసేయలేదు. పరుగు బదులు నడక పెట్టారు. పిల్లవాడి పక్కన తానూ నడిచారు.

అంతే.

"ఏం రా, ఎందుకు లేటు?"

"సైకిల్ పంచర్ సార్."

"మరి తొక్కుకుంటనే వచ్చినవ్ గద? సరే నడువ్. జర మెల్లగ, నాకు మోకాలు నొస్తాంది."

మోకాలి నొప్పి శుద్ధ అబద్ధం. సాయంత్రం వాలీబాల్ ఆడేటప్పుడు ఆ నొప్పి ఎవరికీ కనబడలేదు.

సాయి మా అక్క కొడుకు. ఊరు చిట్గుప్ప. మా ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. గొంతు సన్నం. క్లాసులో వాడి పేరు "సాయక్క". ప్రేయర్ లైన్లో గిల్లుతారని, అది అయ్యేదాకా గోడ పక్కన దాక్కుని లేటుగా లోపలికి పోయేవాడు.

ఈ సంగతి మాకు చెప్పలేదు. సార్‌కు చెప్పాడు. అదీ వెంటనే కాదు. చాలా రోజులు సారే తన కోళ్ల సంగతి, భార్య చేసే ఉప్మా సంగతి చెప్పుకుంటూ నడిచారు. ఆ తర్వాత వీడి నోరు తెరుచుకుంది.

సార్ ఎవరినీ కొట్టలేదు. ఎవరి తండ్రినీ పిలిపించలేదు. అందరికంటే ఎక్కువ వెక్కిరించేది బాలాజీ. కమలనగర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లవాడు. ఒకరోజు ఇద్దరూ లేటు. సార్ సగం దూరం వాళ్లతో నడిచి, బెంచీ మీద కూలబడ్డారు.

"నా మోకాలు పట్టేసింది. మీరిద్దరు నడువుండ్రి. ఉత్తగ నడుస్తరేంది, మాట్లాడుండ్రి."

చివరికి బాలాజీ అడిగాడట. "నీ డబ్బల చపాతీ ఎవలు చేస్తరు?"

"మా అత్త."

"వాసన మంచిగొస్తది."

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో పిండి ఎక్కువ కలుపుతున్నారు. "సాయక్క" అనే మాట బాలాజీ నోట మళ్లీ రాలేదు. మెల్లగా మిగతా నోళ్లూ మానేశాయి.

తర్వాతేమైంది? పిల్లలు కావాలనే లేటుగా రావడం మొదలుపెట్టారు. సార్‌తో ఒక రౌండు నడవడానికి.

బుర్ర ఉన్నవాడైతే ఎందుకని అడుగుతాడు. మన మేనేజ్‌మెంట్ తాళం కొన్నది. ప్రేయర్ బెల్లు కొట్టగానే గేటు బంద్. సార్‌కు గేట్ డ్యూటీ కట్. లేటైన పిల్లలు రోడ్డు మీద.

చైర్మన్ గారి దగ్గరికి వెళ్లాను.

"మొగపిల్లల స్కూలు ఇది. చదువనీకి వస్తున్నరా, ఏడ్వనీకి వస్తున్నరా?"

"రెండిటికీ వస్తరు. మీరే రానిస్తలేరు."

నాకు చాయ్ తెప్పించారు. పెద్దమనుషులకు అది కూడా ఒక జవాబే.

ఆ తర్వాత "వెల్‌బీయింగ్ వీక్" జరిగింది. సూటేసుకున్న స్పీకర్. పసుపు రంగు స్మైలీతో సెల్ఫీ పాయింట్. పక్కవాణ్ణి కౌగిలించుకోమన్నారు. ఫోటో తీశారు. వదలమన్నారు. దయ మీద ఉపన్యాసం మైకులో రోడ్డు దాకా వినబడింది. ఆ రోజు కూడా లేటైన పిల్లలు గేటు బయట నిలబడే విన్నారు.

మొన్న సాయంత్రం సార్‌తో నా వాదన ఈ తాళం గురించే. మెత్తగా ఉంటే మేనేజ్‌మెంట్ వాళ్లు నెత్తికెక్కుతారన్నాను.

"జగడం పెట్టకు తమ్మీ. గేటు తెరిపియ్, సాలు."

ఆయన నాతో అన్న చివరి మాట అది.

నిన్న సాయంత్రం అంత్యక్రియలకు పిల్లలు యూనిఫాం వేసుకుని వచ్చారు. బాలాజీ అన్నాడు, "సార్‌ను ఒక్క రౌండు తీస్కపోదం."

పాడె మోసుకుని స్కూలు దాకా వెళ్లాం. తాళం. వాచ్‌మన్ పాపం చైర్మన్ గారికి ఫోన్ చేసి అడిగాడు. సార్ మృతికి సంతాపంగా స్కూలుకు సెలవు ఇచ్చారట. సెలవు కాబట్టి గేటు తెరవరట.

ఇంతకంటే నేను ఏం తిట్టగలను?

గోడ బయటి నుంచే తిరిగాం. మురికినీళ్ల మోరీ దాటి, ముళ్లకంపలు తొక్కుకుంటూ, మొత్తం కాంపౌండు చుట్టూ. ముందు మోస్తున్న పెద్దవాళ్లు తొందరపడ్డారు. వెనక నుంచి సాయి గొంతు, అదే సన్నటి గొంతు, అందరికీ వినబడేలా:

"జర మెల్లగ నడువుండ్రి. సార్‌కు మోకాలు నొస్తది."

ఎవరూ నవ్వలేదు. అందరం మెల్లగా నడిచాం.

చైర్మన్ గారూ, రేపు ప్రేయర్‌లో సంతాప సభ అని మెసేజ్ పెట్టారు. మీ ప్రసంగం మాకు అక్కర్లేదు. పిల్లలు, తల్లిదండ్రులు, నేను, అందరం బెల్లు కొట్టాకే వస్తాం. తాళం తీసి ఉంచండి. తీయకపోతే రేపు కూడా బయటే నడుస్తాం. ఎల్లుండీ నడుస్తాం.

విఠల్ సార్, ఇక మీకు గేటు లేదు, గోడ లేదు. బెల్లు కొడితే కొట్టనీయండి. నిమ్మళంగా నడవండి. పక్కన ఎవరో ఒకరు తోడుండాలని, మీ మనసుకు శాంతి దొరకాలని కోరుకుంటున్నాను.