ఆగిపోతే తెరవగలిగే పంపు

నా చిన్నప్పుడు ఒక ఆదివారం ఉదయం మా తాతయ్య మీద వచ్చినంత కోపం నాకు ఆ తర్వాత ఎవరి మీదా రాలేదు.

విశాఖ తీరంలో ఆయనకు చిన్న తెరచాప పడవ ఉండేది. అడుగున చేరే నీళ్లను డబ్బాతో తోడి తోడి ఆయన భుజం పడిపోయింది. అందుకని మా నాన్న కంచరపాలెంలోని ఒక దుకాణం నుంచి మెరిసిపోయే చేతిపంపు తెచ్చాడు. దుకాణంవాడు బకెట్ నీళ్లు క్షణంలో లాగి చూపించాడట. ఆ పూటే నన్ను మొదటిసారి సముద్రం మీదికి తీసుకెళ్తానని నాన్న మాటిచ్చాడు.

తాతయ్య ఒడ్డున ఉన్న పడవలోనే సముద్రపు నీళ్లు పోశాడు. అందులో గుప్పెడు ఇసుక, వల దారాలు, చేప పొలుసులు వేసి నాన్నను తోడమన్నాడు. నాలుగుసార్లు లాగేసరికి పంపు బిగుసుకుపోయింది. తెరుద్దామంటే అన్నీ స్క్రూలే. నాన్న గోళ్లతో పీకుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

“కావాలని సెత్తేసి పాడు సేసీసేవు!” అని నాన్న అరిచాడు.

“సముద్రం నీకు బకెట్లో మంచినీళ్లు పోత్తాదేటి? నడిమధ్యన ఇది ఆగిపోతే ఏటి సేత్తావ్? నాను తోడలేను, పిల్లకి ఈత రాదు!” తాతయ్య పంపును నాన్న ఒళ్లోకి తోసేశాడు.

ప్రయాణం ఆగిపోయింది. నలుగురిలో నాన్నను చిన్నబుచ్చినందుకు నేను తాతయ్యతో మాట్లాడడం మానేశాను. ఆయన పట్టించుకోలేదు. మర్నాడు మా ఇద్దరినీ ఆ దుకాణానికి లాక్కెళ్లి, ఒక్కో పంపునూ తడిచేత్తో తెరిచి చూపించమన్నాడు.

“ఇది ఆగదు తాతా,” అని దుకాణంవాడు విసుక్కున్నాడు.

“ఆగుతాది. ఆగినప్పుడెలా తెరవాల, అది సెప్పు!”

చివరికి వెడల్పు మూతి ఉన్న వికారమైన పంపొకటి దొరికింది. దాని మూత చేత్తో తిప్పగానే ఊడింది.

తర్వాతి ఆదివారం రుషికొండ దాటాక కెరటమొకటి పడవలోకి విరుచుకుపడింది. కాసేపటికి ఈ పంపూ ఆగింది. తాతయ్య చుక్కాని వదల్లేదు. నాన్న మూత తిప్పి, ఇరుక్కున్న దారాలు లాగేసి, మళ్లీ తోడాడు. నా మోకాళ్ల దాకా వచ్చిన నీళ్లు మెల్లగా దిగాయి.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. మొదటి పంపు పనికిరాదన్న మాట నలుగురిలో కాకుండా ఇంట్లో చెప్పి ఉండొచ్చు కదా అని తాతయ్య మీద ఇంకా కోపమే. అయినా మొన్న మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పెట్టినప్పుడు, బాగా నడుస్తుందా అని నేనడగలేదు. మధ్యలో ఆగిపోతే లోపలివాళ్లు ఎలా బయటికొస్తారో చూపించమన్నాను. లిఫ్ట్ బిగించినతను నవ్వాడు. చూపించేదాకా నేను అక్కణ్నుంచి కదల్లేదు.