బోరులో రెండు కడియాలు

పోయిన సోమవారం మా బోరు మోటారు షాఫ్టు అరిగిపోతే, దాన్ని గోనెసంచిలో చుట్టుకొని మా మేనమామ చింతామణి టౌనుకు బస్సెక్కాడు. సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి షాఫ్టు పొద్దున ఎట్లా పోయిందో అట్లాగే వసారాలో పడి ఉంది. పని కాలేదా అని అడిగాను. మేస్త్రి లేడన్నాడు. ఎక్కడికి పోయాడని అడిగాను. మామ నా ముఖం చూశాడు, చెంబెత్తి నీళ్ళు తాగాడు, అప్పుడు చెప్పాడు. శనివారం పొద్దున తన అంగడిలో, ఇనుము తిప్పి కోసే లేత్ మిషను ముందరే గుండె పట్టుకొని కూలబడ్డాడట. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందట. మాకు కబురు చెప్పాలని ఎవరికీ తోచలేదు, తోచడానికి మేము చుట్టాలం కాదు కదా.

చింతామణిలో ఆయన అందరికీ లేత్ మేస్త్రి. పేరు పెట్టి పిలవగా నేను వినలేదు, కాబట్టి ఇక్కడా పేరు రాయను. పొడుగు మనిషి. ఖాకీ చొక్కా జేబులో ఒక ఉక్కు స్కేలు, గుడ్డముక్కలో చుట్టిన గడ్డం గీసుకునే గుండ్రటి అద్దం ఎప్పుడూ ఉండేవి. కాఫీ ఇస్తే చేతులు దూదితో రెండుసార్లు తుడుచుకొని గాని గ్లాసు ముట్టేవాడు కాదు. దారిలో గొట్టం కనిపిస్తే వంగి లోపలికి ఒక చూపు చూడకుండా దాటేవాడు కాదు. వీధి కొళాయి కోసం మునిసిపాలిటీవాళ్ళు దించిన పైపుల్లోకి ఆయన అట్లా తొంగిచూస్తుంటే, లోపల ఏమైనా పోగొట్టుకున్నాడేమోనని ఒక ముసలమ్మ పక్కన నిలబడి తనూ వెతికిందని చెప్పుకొని నవ్వేవాళ్ళు.

వయసులో ఉన్నప్పుడు ఆయన గుజరాత్ వైపు చమురు బావుల దగ్గర కొన్నేళ్ళు పనిచేశాడు. వేల అడుగుల లోతు బావులు. అక్కడ ఒకసారి లోపలి గొట్టం చిల్లుపడితే, ముడతలు పెట్టిన ఇంకో గొట్టాన్ని దించి, లోపలే విప్పి, చిల్లుకు అతికించడం కళ్ళారా చూశాడట. మన బోర్లకూ అది చెయ్యొచ్చని ఊరికి తిరిగొచ్చినప్పటి నుంచీ అంటూనే ఉండేవాడు. టీ అంగడి దగ్గర కూర్చునేవాళ్ళకు అది మంచి కాలక్షేపం. ఏం మేస్త్రీ, మన బట్లహళ్ళి బోర్లలో పెట్రోలు పడిందా అని అడిగేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు. చేసి చూపించడానికి ఆయనకు ఒక్క చెడిపోయిన బోరు కావాలి. అది మాదైంది.

మా నాన్న బట్లహళ్ళి పక్కన ఉన్న మా రెండెకరాల్లో బోరు వేయించి, మల్బరీ పెట్టి, రెండో పంట చూడకుండానే పోయాడు. నేను అప్పుడే ఎస్సెస్సెల్సీ, అంటే పదో తరగతి, పాసయ్యాను. అమ్మా నేనూ పట్టుపురుగులు మేపి, గూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు వేసి బతుకుతున్నాము. ఒక వేసవిలో బోరు నుంచి ఎర్రటి బురద రావడం మొదలైంది. మట్టి కూలకుండా పైన దించిన ఇనుప గొట్టం, కేసింగు, ఎక్కడో చీలి ఆ సందులోంచి బురదనీళ్ళు లోపలికి కారుతున్నాయి. మోటారు పట్టేసింది. ఇద్దరు మెకానిక్కులు వచ్చి, దాంట్లో ఇంకో సన్నగొట్టం దించితే బురద ఆగుతుంది గాని మోటారు దిగదు, బోరు మీద ఆశ వదులుకోండి అన్నారు. బోరు పోతే తోట పోతుంది. తోట పోతే భూమిని గుత్తకిచ్చి మేము బెంగళూరులో ఏదో ఒక పనికి కుదరాలి. అప్పటికి పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. పురుగు మేత మాని పొర విడవడాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగోది లేచాయంటే ఆకు ఎంత వేసినా చాలదు.

మేస్త్రి వచ్చాడు. మోటారు పైకి తీయించి, జేబులో అద్దం తీసి, ఎండను పట్టి బోరు లోపలికి కొట్టాడు. అంత సన్నటి చీకటి గుంతలోకి ఎండ అట్లా దిగిపోవడం నేను చూడడం అదే మొదలు. లోపల ఒక పక్క తడి మెరుస్తోంది. చీలిక దొరికింది. ఇక లోతు తెలియాలి. ఆయన అద్దం పట్టుకొని చూస్తుంటే నేను గుండు కట్టిన తాడు దించాను. గుండు తడి దగ్గరికి చేరగానే చాలన్నాడు. నేను తాడు పట్టిన చోట ముడి వేసి పైకి లాగాను. కొనలకు ఇత్తడి తొడుగులున్న నాలుగడుగుల కొలబద్ద ఒకటి నా చేతికిచ్చి, తాడును దీంతో కొలువమ్మా అని చెప్పి, కేసింగు వెడల్పు చూసుకోవడానికి వంగాడు.

నేను బద్దతో కొలవలేదు. బడి చదువు చదివినదాన్ని, అన్నీ తెలుసనే పొగరు ఒకటి, ఆకు కోయాలనే తొందర ఒకటి. తాడును రెండు చేతులా చాపి బారలు వేశాను. ఎనిమిది బారలు వచ్చింది. మా ఊళ్ళో బార అంటే ఆరడుగులు, అందరూ అనేది అదే. ఆరెనిమిదులు నలభై ఎనిమిది అని చెప్పాను.

"బద్దతోనే కొలిస్తివా అమ్మా?"

"ఊఁ, బద్దతోనే."

ఆయన సుద్దముక్కతో చేతిసంచి మీద నలభై ఎనిమిది రాసుకొని పోయాడు.

నాలుగు రోజుల్లో పలుచటి రేకుతో గొట్టం చుట్టి, నిలువునా ముడతలు పెట్టి, రెండు కొనలకూ లారీ ట్యూబు కోసి తీసిన రబ్బరు పట్టీలు తొడిగి తెచ్చాడు. మనిషి తొడ పొడవు కూడా లేదు. దాని కింద లేత్ మీద తిప్పిన ఇనుప గుండు. ఇది లోపల ఎట్లా పట్టుకుంటుందని అమ్మ అడిగితే, నా చేతి గాజులు చూపించాడు.

"గాజులామె చెయ్యి మడిచి గాజు ఎక్కిస్తుంది గదమ్మా. ఎముక దాటినాక చెయ్యి మళ్ళా ఇచ్చుకుంటాది. ఇదీ అంతే. మడిచి దించుతాము, లోపల ఇప్పుతాము."

ఆ రోజు మబ్బు. అద్దానికి పని లేదు. ఎవరినో బతిమాలి తెచ్చిన చైన్ పుల్లీ సాయంత్రానికల్లా తిరిగి ఇవ్వాలి. అందుకని లెక్క నమ్ముకొని నలభై ఎనిమిది అడుగులకు దించి, ముడతల గొట్టాన్ని పైనుంచి ఒక పైపుతో అదిమిపట్టి, దాని లోపలి నుంచి గుండును పైకి లాగారు. పుల్లీ గొలుసు ఒక్కొక్క లంకే కిర్రుమంటూ కదిలింది. ఊరివాళ్ళు పదిహేను మంది దాకా చేరారు. తొందరగా లాగమని ఎవరో అంటే, ఇనుముకు తొందర లేదు, మనకే అన్నాడు మేస్త్రి. గుండు బయటికి వచ్చింది. గొట్టం లోపలే ఉండిపోయింది. అమ్మ బోరుకు దండం పెట్టింది.

మర్నాడు ఎండ వచ్చింది. అద్దం కొట్టి చూస్తే కడియంలాగా ఇనుప పట్టీ లోపల మెరుస్తోంది. దానికి పైన, ఎప్పటిలాగే, బురద కారుతోంది.

ఎవరో నవ్వారు. ఇంకెవరో చమురు బావి కథలు ఎత్తుకున్నారు. మేస్త్రి తాడు మళ్ళీ దించి, పైకి లాగి, ఈసారి తనే బద్దతో కొలిచాడు. నలభై అడుగులు. ఇంకోసారి కొలిచాడు. తరువాత తలెత్తి నా వైపు చూశాడు. నా ముఖం కాదు, చేతులు. ఐదడుగుల పిల్లకు బార ఐదడుగులే వస్తుందని నాకు ఆ క్షణంలో తెలిసింది. ఆయనకూ తెలిసిందని తెలిసింది.

"మా పురుగులను సంపితివి గదప్పా" అంది అమ్మ, అందరి ముందర.

"నాదే తప్పమ్మా. లోతు తప్పు దించినాను."

అంతే అన్నాడు. బద్ద సంచిలో పెట్టుకొని వెళ్ళిపోయాడు. అక్కడున్న అందరి చూపులూ నా మీదికి రావలసినవి. ఆయన వాటిని సంచితో పాటు మోసుకొని పోయాడు.

ఐదు రోజులకు ఇంకో గొట్టం చేసి తెచ్చాడు. ఈ మధ్యలో పురుగులు నాలుగో జ్వరం లేచాయి, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి తెచ్చిన ఆకు చాలక రెండు తట్టల పురుగులను పారబోశాము. నా అబద్ధం ఎంతదని ఎవరైనా అడిగితే రెండు తట్టలు అని చెప్పగలను. గొట్టం దించే ముందు ఆయన బద్ద నా చేతికే ఇచ్చాడు. చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు మెల్లిగా అన్నాడు.

"ఈసారి దీంతో కొలువమ్మా. చేతులు ఒకొకరివి ఒకొక తీరు ఉంటాయి."

నాలుగడుగుల బద్ద, పది సార్లు. కళ్ళలో నీళ్ళు అడ్డం వచ్చి రెండుసార్లు మొదటి నుంచి కొలిచాను. మధ్యాహ్నానికి రెండో కడియం కరుచుకుంది. మర్నాటికి కారడం ఆగింది. లోపలున్న బురదంతా తోడించి మోటారు దించితే మూడో రోజు నీళ్ళు తేరుకున్నాయి. మోటారుకు ఎక్కడా అడ్డం తగల్లేదు. ఆ తోటతోనే నేను టీచరు ట్రైనింగు, టీసీహెచ్, చదివాను, ఆ నీళ్ళతోనే ఇవాళ పంతులమ్మనయ్యాను. ఇది మర్యాదకు రాస్తున్న మాట కాదు. ఆయన ఆ రోజు అందరి ముందూ నా వైపు వేలు చూపించి ఉంటే, నేను మళ్ళీ ఒక కొలత చేతిలోకి తీసుకునేదాన్నే కాదు.

అమ్మ మాత్రం మరిచిపోలేదు. ఆయన ఎప్పుడు వచ్చినా కాఫీ ఇచ్చేది, ఇస్తూ మొదటిసారి గురి తప్పావని దెప్పేది. ఆయన చేతులు తుడుచుకుంటూ, అవునమ్మా తప్పినాను అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు ఒప్పుకున్నాడో. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

ఉద్యోగం వచ్చినప్పుడు మైసూరు పాకు పట్టుకొని ఆయన అంగడికి పోయాను. చెప్పేయాలనే పోయాను. మేస్త్రీ, ఆ రోజు బద్ద, అని మొదలుపెట్టానో లేదో ఆయన లేత్ ఆన్ చేశాడు. ఆ మోతలో నా మాట నాకే వినపడలేదు. కాసేపటికి ఆపి, ఏమో అంటాంటివి అని అడిగాడు. ఏమీ లేదన్నాను. సరే అయితే, మైసూరు పాకు బాగుండాది అన్నాడు.

నా క్లాసులో ఏటా పిల్లల చేత గది పొడవు బారలతో కొలిపిస్తాను. ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వస్తుంది, గోల గోల చేస్తారు. తరువాత బద్ద ఇస్తాను. ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నానో వాళ్ళకు ఇంతవరకూ చెప్పలేదు.

మంగళవారం మేస్త్రి ఇంటికి వెళ్ళి వచ్చాము. దారి పొడవునా అమ్మ ఆయన మంచితనమే చెప్పింది. చివరికి, ఎంత పనిమంతుడైనా మన దగ్గర ఒకసారి తప్పినాడు పాపం అంది. నేను బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను.

నిన్న ఆదివారం. మోటారు ఇంకా బయటే ఉంది, బోరు నోరు తెరుచుకొని ఉంది. ఇంట్లో అద్దం తెచ్చి ఎండను లోపలికి కొట్టాను. పై కడియం చుట్టూ తుప్పు పట్టింది గాని ఒక్క చుక్క కారడం లేదు. దాని కింద, కొంచెం లోతున, మొదట దించినది. అమ్మ నా భుజం పట్టుకొని వంగి చూసింది.

"ఆ కిందిది ఊరికే ఉండిపోయ గదా."

అప్పుడు చెప్పాను. బారలు వేసింది, బద్దతో కొలిచానని అబద్ధమాడింది, ఆయనకు తెలిసీ తన మీద వేసుకున్నది, అన్నీ. అమ్మ నన్ను తిట్టలేదు.

"ఇన్నేండ్లు నేను ఆ మనిషిని అంటాంటినే" అంది.

నా చేతిలోని అద్దం తీసుకుంది. అటూ ఇటూ తిప్పి, ఎండను పై కడియం దాటించి కిందిదాని మీద నిలిపింది. పొద్దు వాలి అద్దంలోకి ఎండ అందకుండా పోయేంతవరకూ అక్కడే పట్టుకొని నిలబడింది.