ఆదివారం నలభై రెండు కిలోమీటర్లు

మీటర్లు సరిచూడటం నా ఉద్యోగం. ఫ్యాక్టరీలో ఒక మీటరు ప్రతిసారీ ఒకే రీడింగు చూపిస్తుంటే మేము సంతోషించం, అనుమానిస్తాం. లోపల ముల్లు ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. ఈ అలవాటు నాకు ఉద్యోగంతో రాలేదు. టెక్కలిలో డిప్లమా రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు, నాన్న స్కూటర్ దగ్గర మొదలైంది.

నాన్నకు కాశీబుగ్గలో మందుల షాపు ఉండేది. వారంలో ఆరు రోజులు పొద్దున్న ఎనిమిది నుంచి చీకటి పడేదాకా అక్కడే ఉండేవాడు. ఆదివారం మాత్రం ఒంటిగంటకు మూసి, ఇంటికొచ్చి అన్నం తిని, ఉతికిన చొక్కా వేసుకుని మళ్ళీ బయల్దేరేవాడు. స్కూటర్ హ్యాండిల్‌కి ఒక గుడ్డ సంచి వేలాడుతుండేది. అయిదున్నరకి తిరిగొచ్చేవాడు. ఎక్కడికి వెళ్ళావని అడిగితే "ఉద్దానం" అనేవాడు. పలాస దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే కొబ్బరి, జీడి తోటల ఊళ్ళన్నీ ఉద్దానమే. కాబట్టి అది జవాబు కాదు.

నాలుగు ఆదివారాలు స్కూటర్ రీడింగు రాసుకున్నాను. నలభై రెండు పాయింట్ మూడు. నలభై రెండు పాయింట్ ఒకటి. మళ్ళీ పాయింట్ మూడు. పాయింట్ రెండు. నాలుగు ఊళ్ళు తిరిగే మనిషి లెక్క ఇలా ఉండదు. ఇది ఒకే ఇంటికి వెళ్ళి వచ్చే మనిషి లెక్క.

రికార్డు పుస్తకం చివరి పేజీలో అంశాలు రాశాను. ఒకటి, కిలోమీటర్లు. రెండు, ఉతికిన చొక్కా. మూడు, సంచి నిండుగా వెళ్తుంది, వచ్చేటప్పుడు ఒక కొబ్బరికాయో పనసతొనలో ఉంటాయి. నాలుగు, అమ్మ ఏమీ అడగదు. ఈ నాలుగోది కింద గీత గీశాను. అడగదంటే తెలియదు, తెలిస్తే తట్టుకోలేదు, చెప్పాల్సి వస్తే నేనే చెప్పాలి. ఇంట్లో ముగ్గురమే కదా.

ఇందులో మావయ్య పాత్ర కూడా ఉంది. అమ్మకు తమ్ముడు. మా వీధి చివర టైర్ల షాపు.

"ఏటల్లుడూ, మీ బాబు వారం వారం సొక్కా ఇస్త్రీ సేయించుకుని ఎల్తన్నాడు? ఉద్దానం అల్లుడైపోనాడేటి?"

"మందులివ్వడానికి మావా."

"మందులకి ఇస్త్రీ ఎందుకురా? నేను టైర్లు అమ్మడానికి సెంటు రాసుకుంతన్నానా?"

నవ్వుతూనే అనేవాడు. కానీ ఆ నవ్వు నా పేజీలో అయిదో అంశమైంది.

అలాగని నాన్న ఇంటిని పట్టించుకోని మనిషి కాదు. అదే నాకు మరింత అనుమానం. కాచి చల్లార్చిన నీళ్ళు నా కాలేజీ సంచిలో తనే పెట్టేవాడు. సాయంత్రం సీసా ఎత్తి చూసేవాడు. అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు మిగిలి ఉంటే, నా ముందు నిలబడి తాగించేవాడు. ఆదివారం పొద్దున్న షాపు తెరవడానికి ముందు అమ్మ, నేను వరసగా బల్ల మీద కాలు పెట్టాలి. మోకాలి కింద ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కి పట్టి పది లెక్కపెట్టేవాడు. వేలు తీశాక పడిన గుంట ఎంతసేపట్లో పూడుతుందో చూసేవాడు. ఒంట్లో నీరు చేరితే గుంట పూడదు. కిడ్నీ పని తగ్గితే నీరు చేరుతుంది. మా వైపు ఈ రెండు వాక్యాలు చదువురాని వాళ్ళకు కూడా తెలుసు. ఎందుకు వస్తుందో తెలియని కిడ్నీ జబ్బు ఉద్దానంలో ఊరూరా ఉంది.

షాపులో కూడా అదే పద్ధతి. నొప్పి బిళ్ళ అడిగిన ప్రతి మనిషీ ముందు బల్ల మీద కాలు పెట్టాలి. ఆ తరువాత కత్తెర తీసేవాడు. స్ట్రిప్పులో మందు పేరున్న భాగం కత్తిరించి తన దగ్గర ఉంచుకుని, రెండో మూడో బిళ్ళలు తెల్ల కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. పేరు అడిగితే చెప్పేవాడు కాదు.

"నొప్పి బిళ్ళ. అంతే. తగ్గకపోతే నా దగ్గరికే రా."

మందు మీద పేరు లేకుండా ఇవ్వడం తప్పని నాకు అప్పటికే తెలుసు. అడిగితే "నీకు తెల్దు" అన్నాడు. ఆరో అంశం.

అయిదో ఆదివారం మావయ్య తన బండి ఇచ్చాడు. "ట్యాంకు నిండా కొట్టించినాను. సంగతేటో కనుక్కుని రా" అన్నాడు, పెళ్ళిచూపులకి పంపుతున్నట్టు.

నాన్న వెనకే దూరంగా వెళ్ళాను కానీ, పూండి రైలు గేటు దగ్గర కనబడకుండా పోయాడు. గేటు పక్క టీ కొట్టులో అడిగాను.

"మందుల బాబేనా? వారం వారం వత్తారు కదా. అలాగ ఎల్లి, జీడితోట దాటినాక రేకుల ఇల్లు."

ఇంటి ముందు స్కూటర్ ఉంది. గుమ్మం దగ్గర నాన్న చెప్పులు, వాటి పక్కన ఆడమనిషి చెప్పులు. ఆ రెండు జతలు చూసి అక్కడే ఆగాను. లోపలి నుంచి ఒక ఆడగొంతు గట్టిగా వినిపిస్తోంది.

"మళ్ళీ వొచ్చినారేటి? ఇంకేటి మిగిలిందని?"

గుమ్మంలోంచి చూశాను. నులకమంచం మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. ముఖం ఉబ్బి ఉంది. నాన్న నేల మీద కూర్చుని, ఆయన కాలు తన ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో నొక్కుతున్నాడు. పది లెక్కపెట్టి వేలు తీశాడు. గుంట అలాగే ఉంది.

"ఏటి బావా, బూరెల పిండిలాగ మెత్తగుందా?" అని ఆయనే నవ్వాడు.

ఆ ఇంటావిడ నన్ను చూసింది. "ఎవులు? మీ గుంటడేటి? రా బాబూ, నువ్వూ సూడు. కొబ్బరిసెట్లు ఎక్కీ మనిషి. నడుం నొప్పంటే మీ బాబు బిళ్ళలిచ్చినాడు. మూడేళ్ళు మింగినాడు. ఇప్పుడు వారానికి రెండుసార్లు పలాస పోయి రగతం కడిగించుకుంతన్నాడు. సెప్పినాడా మీ బాబు ఇంటికాడ?"

చూరులోంచి ఖాళీ స్ట్రిప్పు ఒకటి తీసి నాన్న ముందుకు విసిరింది. మొలలో దోపుకుని తిరగడానికి నాలుగు మడతలు పెట్టిన స్ట్రిప్పు. నాన్న దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు. సంచిలోంచి ఒక సీసా తీసి మంచం పక్కన పెట్టి లేచాడు.

నా అనుమానం ఒకటి పోయి ఇంకొకటి వచ్చింది. ఇది మొదటిదానికంటే పెద్దది.

తిరిగొచ్చేటప్పుడు జీడితోట దగ్గర నాన్నే స్కూటర్ ఆపాడు. మావయ్య బండిని చూసి, "ఈ బుద్ది ఆడిదా, నీదా?" అన్నాడు.

"నాదే. ఆవిడ చెప్పింది నిజమా?"

"తెల్దు."

"బిళ్ళలు ఇచ్చావా, లేదా?"

"ఇచ్చినాను. ఆ రోజుల్లో అందరూ ఇచ్చీవోళ్ళే. ఆడు అడిగీవోడు, నేను ఇచ్చీవోణ్ణి. ఎన్ని ఏత్తన్నావని అడగనేదు. కాలు సూడనేదు. ఆ ఖాళీ బిళ్ళల రేకు మొలలో ఎట్టుకుని, నా షాపుకి రానేని నాడు ఊళ్ళో కిరాణాకొట్టుకి సూపించి అదే కొన్నాడు. పక్కింటోళ్ళు అదే రేకు అడిగి అట్టుకెళ్ళి కొన్నారు. ఒక్క రేకు వీధంతా తిరిగింది. అందుకే ఇప్పుడు పేరు కత్తిరిస్తన్నాను. పేరు తెలిస్తే నా దగ్గరికి రారు. రాకపోతే కాలు ఎవుడు సూత్తాడు?"

"నీ బిళ్ళల వల్లే వచ్చిందా ఆ జబ్బు?"

"బిళ్ళ ముట్టనోళ్ళకీ వత్తంది ఈ ఊళ్ళల్లో. నీళ్ళంతారు, ఎండంతారు. ఎవులికీ తెల్దు. నాకూ తెల్దు."

నేను నాకు తెలిసిన ఒకే విద్య వాడాను. "ఆ స్ట్రిప్పు మీద బ్యాచ్ నంబరు ఉంటుంది. షాపుకు సరుకొచ్చిన బిల్లుల మీదా ఉంటుంది. అది మన షాపుదో, ఊళ్ళో కొన్నదో తేల్చొచ్చు."

"తేల్చొచ్చు" అని స్కూటర్ తీశాడు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ వాకిట్లో ఉంది. నన్ను, మావయ్య బండిని చూసింది.

"కనుక్కున్నావా?"

"ఊఁ."

"మరి కాళ్ళు కడుక్కుని రా."

నాన్న ఆ మంచం పక్కన పెట్టిన సీసాలో ఉన్నది అమ్మ ప్రతి ఆదివారం పొద్దున్న కొట్టే ఉప్పు లేని కరివేపాకు పొడి. మా ఇంట్లో ఎవరమూ ఉప్పు లేని పొడి తినం. అయిదు వారాలు ఆ దంపుడు చప్పుడు విన్నాను. నా పేజీలో అది లేదు.

ఆ తరువాత ఆరేళ్ళు నాన్న వెళ్తూనే ఉన్నాడు. మధ్యలో ఆ కొబ్బరిచెట్ల మనిషి పోయాడు. అయినా కిలోమీటర్లు తగ్గలేదు. బ్యాచ్ నంబరు సంగతి నేను రెండుసార్లు గుర్తు చేశాను. "సూద్దాం" అన్నాడు. చూడటానికి భయపడుతున్నాడని అనుకున్నాను. నాన్న మంచివాడే, కానీ రీడింగు తీసుకునే ధైర్యం లేనివాడని నాలో నేను రాసుకున్నాను.

రెండేళ్ళ క్రితం నాన్న గుండె ఆగి పోయాడు. లైసెన్సు నాన్న చదువు మీద ఉంది. నాకు ఆ చదువు లేదు. షాపు ఖాళీ చేయక తప్పలేదు. ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి, అరలన్నీ దించుతుంటే పాత థర్మామీటర్ డబ్బాలో ఆ స్ట్రిప్పు దొరికింది. నాలుగు మడతలు అలాగే ఉన్నాయి.

బిల్లులన్నీ ఏడాదికో కట్ట చొప్పున అటక మీద ఉన్నాయి. మూడు మధ్యాహ్నాలు పట్టింది. నంబరు దొరికింది. మా షాపుదే. ఆ నంబరు కింద ఎర్ర పెన్సిల్‌తో గీత ఉంది. బ్యాచ్ నంబర్ల కింద ఎర్ర గీత ఆ కట్టల్లో ఇంకెక్కడా లేదు. స్ట్రిప్పు నాన్న చేతికొచ్చింది నేను చూసిన ఆ ఆదివారమే. కాబట్టి గీత ఆ తరువాతే గీశాడు. తెలిశాక కూడా ఆరేళ్ళు ఆ గుమ్మం ఎక్కాడు. తెలిశాక కూడా నాతో "సూద్దాం" అన్నాడు.

ఆవిడకు చెప్పకుండా వెళ్ళాడా? ఆవిడ పెట్టిన పనసతొనలు తిని, ఆ మాట దాచాడా? ఆ ఆలోచన ఇంట్లో కూర్చోనివ్వలేదు. ఆదివారం అమ్మ చేతి పొడి సీసా తీసుకుని నేనే వెళ్ళాను. స్ట్రిప్పు, బిల్లు చొక్కా జేబులో ఉన్నాయి.

ఆవిడ జుట్టు నెరిసింది. ఇంటి ముందు జీడిగింజలు ఆరబోస్తోంది. నేను స్ట్రిప్పు చూపించి, విషయం చెప్పి, "ఇది మా షాపుదే" అన్నాను.

"తెల్సు" అంది.

"ఎలా?"

"మరసటి ఆదివారమే సెప్పినాడు మీ బాబు. బిల్లు తెచ్చి సూపించినాడు. నాకు సదువు రాదని తెల్సు, అయినా సూపించినాడు. నీకు సెప్పనేదేటి?"

"లేదు."

"నీకెందుకు సెప్తాడు? నువ్వు కాయితం మీద రాసుకుంతావంట." నవ్వింది. ఆవిడ నవ్వగా చూడటం అదే మొదటిసారి.

"మీరేం అన్నారు?"

"ఏటంతాను? రెండు వారాలు గుమ్మం తొక్కనియ్యనేదు. ఈ అరుగు మీదే కూకుని ఎల్లిపోనాడు. మూడో వారం వాన. తడిసిపోతన్నాడు. మా ఆయన, 'దాన్ని బతిమాలకు బావా, నువ్వు లోపలికి రా' అన్నాడు. వొచ్చినాడు." గింజలు నేలంతా సమంగా పరుస్తూ అంది. "మా ఆయన పోయినాక మీ బాబు నా కాలు సూసీవోడు. ఇప్పుడెవులూ సూడ్డం నేదు."

చేతులు దులుపుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. పీట జరిపి కాలు దాని మీద పెట్టింది. నేను కింద కూర్చున్నాను. నాన్న నొక్కే చోటే నొక్కి పది లెక్కపెట్టాను. వేలు తీశాను. రెండు అనేసరికి గుంట పూడింది.

"బాగున్నట్టేనా?" అంది.

ఒక్క రీడింగును నమ్మే అలవాటు నాకు లేదు. రెండో కాలు పెట్టమన్నాను.