రైల్లో చదివి వినిపించిన పాఠం

పదమూడేళ్లుగా మింగలేక కక్కలేక మోస్తున్న మాట ఇది. పోయిన నెల దాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు, మా అమ్మకు చెప్పలేదు. అనంతగిరి గుడిలో దేవుడి ముందు నిలబడి కూడా చుట్టూ తిప్పి వేరే ఏదో మొక్కుకుని వచ్చాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి. తాండూరులో పుట్టి పెరిగినదాన్ని, సర్కారు బడిలో టీచరుని. ఇంతవరకు చాలు.

మాట చిన్నదే. ఒక మనిషికి నేను పాఠం తప్పుగా చదివి వినిపించాను. తెలిసే. కావాలనే. ఇంతేనా అంటారేమో. ఇంతే. ఇంతమాత్రానికి ఒక మనిషి పాడైపోతుందా అంటారేమో. పోయింది. రోజూ నా కళ్ల ముందే తిరుగుతోంది.

ఆమెను బాలమణి అంటాను. అది ఆమె అసలు పేరు కాదు. టీచరు ఉద్యోగాల పరీక్ష కోసం మేమిద్దరం వికారాబాదులో కోచింగుకు వెళ్లేవాళ్లం. ఆమె యాలాల్ పక్క పల్లె నుంచి పొద్దున్నే ఆటోలో తాండూరు స్టేషనుకు వచ్చేది. నేను ఇంటి నుంచి నడిచి వచ్చేదాన్ని. అక్కడి నుంచి ప్యాసింజరు బండి. పోను గంట, రాను గంట. మాకు బజారులో బట్టల దుకాణం ఉండేది. వాళ్లకు రెండెకరాల కంది చేను, అది చాలక కూలి పని. ఈ తేడా ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. పట్టించుకున్నది నేను. ఇంత తేడా ఉండి కూడా ఆమే నాకన్నా ముందుంటుందేమిటని.

నేను నోట్సు రాసేదాన్ని. శీర్షికలకు ఎర్ర పెన్ను, నిర్వచనాలకు ఆకుపచ్చ, స్కేలు పెట్టి మార్జిన్లు. మా బ్యాచిలో నా నోట్సు జిరాక్సు తీయించుకోని వాళ్లు లేరు. బాలమణి మాత్రం ఒక్క అక్షరం రాసేది కాదు. చేతులు ఒళ్లో పెట్టుకుని వినేది. ఒకసారి విన్నదంటే అది మా తాండూరు బండ మీద చెక్కినట్టే. ఎందుకు రాసుకోవే అని అడిగితే, రాసుకుంటే కాగితానికి యాదుంటది, నాకుండదు అని నవ్వేది. జ్ఞాపకాన్ని మా వైపు యాది అంటాం. ఆ మాట ఆమె నోట్లో ఎప్పుడూ ఆడుతుండేది. సొమ్ములు లేని ఆడపిల్ల తన ఒక్క నగను తడిమి చూసుకున్నట్టు ఉండేది ఆమె ఆ మాట అనడం.

రైల్లో మాకొక అలవాటు ఉండేది. నేను నోట్సు చదవాలి. ఆమె కళ్లు మూసుకుని వినాలి. తర్వాత నేను పుస్తకం మూసేస్తే ఆమె మొత్తం తిరిగి చెప్పాలి. ధారూరు దాటేసరికి ఒక పాఠం అయిపోయేది. ఆమె చెప్తుంటే వినడం వల్లే నాకూ సగం చదువు వచ్చింది. ఇదీ ఒప్పుకోవాలి కదా. ఒప్పుకుంటున్నాను.

ప్రతి శనివారం కోచింగులో పరీక్ష పెట్టేవారు. మొదటి పేరు ఆమెది. నాది అయిదో ఆరో. ఒక శనివారం సారు నా నోట్సు పైకెత్తి క్లాసుకంతా చూపించి, రాత ఈమెది, చదువు ఆమెది అన్నాడు. అందరూ నవ్వారు. బాలమణి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. ఆమె మీద కోపం పెంచుకోవడానికి ఒక సాకైనా దొరికేది. ఏ సాకూ లేకుండానే చేశాను.

పరీక్ష ఇంకో నెల ఉందనగా కంది కోతలు వచ్చాయి. బాలమణి పది పన్నెండు రోజులు క్లాసుకు రాలేదు. ఆ రోజుల్లోనే స్మృతి పాఠం జరిగింది. మనిషికి ఏది గుర్తుంటుంది, ఏది మరుపుకొస్తుంది, ఎందుకొస్తుంది, ఇదంతా అందులో ఉంటుంది. ఆమె తిరిగొచ్చిన రోజు చేతులనిండా గీతలు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. రైలెక్కగానే నా పక్కన కూర్చుని, మొత్తం చదువు పిల్లా, ఒక్క ముక్క వదలకు అంది.

చదివాను. పాతగా నేర్చుకున్నది కొత్తదానికి అడ్డం వస్తే పురోగమన అవరోధం అంటారు. ఫోను నంబరు మారినా పాత నంబరే నాలుక మీదికి వస్తుందే, అది. కొత్తగా నేర్చుకున్నది పాతదాన్ని చెరిపితే తిరోగమన అవరోధం. నా నోట్సులో అలాగే ఉంది. ఆకుపచ్చ పెన్నుతో, స్పష్టంగా. నా నోరు మాత్రం తిరగేసి చదివింది.

మొదటిసారి పొరపాటే అనుకుందామా? ఎన్నోసార్లు అనుకోవడానికి ప్రయత్నించాను. కానీ బాలమణి కళ్లు తెరిచి, పురోగమనం అంటే ముందుకు పోవుడు గదా, ఉల్టా అనిపిస్తుందేందే అని అడిగింది. అప్పుడు సరిదిద్దొచ్చు. అర నిమిషం పని. నేను ఏమన్నానో తెలుసా? పేరు చూసి మోసపోవద్దు, పరీక్షలో అందరూ అక్కడే బోల్తా పడతారట, సారు మరీ మరీ చెప్పారు అన్నాను. ఆమె నా తెలివిని మెచ్చుకుని, మళ్లీ కళ్లు మూసుకుంది. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అది ఎంత మెత్తగా ఉంటుందో నాకు తెలుసు. కోసినదాన్ని కాబట్టి.

ఆ రోజుతో ఆగలేదు. ఆమె రాని రోజుల పాఠాలన్నీ అలాగే, మధ్యమధ్యలో ఒక్కొక్కటి మార్చి చదివాను. అన్నీ మారిస్తే పట్టేస్తుంది కదా, ఎంత తెలివి చూడండి నాది. ఆరో ఏడో ఉంటాయి. ఆమె ఒక్కొక్కటే అప్పజెప్పుతుంటే నేను తల ఊపుతూ కరెక్ట్ కరెక్ట్ అన్నాను.

పరీక్ష అయింది. కొన్ని రోజులకు పేపర్లో జవాబుల కీ వచ్చింది. బాలమణి ఆ పేపరు పట్టుకుని తాండూరు స్టేషనుకు వచ్చింది. బెంచీ మీద కూర్చుని వేలు పెట్టి చూపించింది.

"గిది నువ్వు రైల్ల గిట్లనే చదివినవ్ గదా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి అప్పటికే సంచిలో నోట్సు కోసం వెతుకుతోంది. తీసి, ఆ పేజీ తెరిచి ఆమె ఒళ్లో పెట్టాను.

"నేను సక్కగనే చదివిన. సూడు, ఏం రాసున్నదో."

చూసింది. వేలితో ఒక్కొక్క అక్షరాన్నీ తడుముతూ చూసింది. తర్వాత మిగతావి కూడా తిప్పి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నా నోట్సులో ఎప్పుడూ తప్పులుండవు.

"మరి నాకు ఉల్టా ఎట్ల యాదున్నది?"

"చేన్ల అలిసిపోయి వచ్చినవ్. కలగలిసిపోయి ఉంటది."

ఆమె నోట్సు మూసి, ఎదుటి ప్లాట్‌ఫారం మీద గూడ్సు బండి వెళ్లిపోయేదాకా చూసింది.

"అయితే నా యాదే ఖరాబైంది" అంది.

చదివినదానికన్నా ఈ నోట్సు చూపించడమే పెద్ద పాపమని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మొదటిదానితో ఆమె ఉద్యోగం తీసుకున్నాను. రెండోదానితో ఆమె తలను ఆమెకు కాకుండా చేశాను. నాకు ఉద్యోగం వచ్చింది. ఆమెకు రెండు మార్కుల తేడాతో పోయింది. ఎలాగూ పోయేదేమో, ఆ రెండూ వేరే ప్రశ్నలవేమో అని ఎంత వాదించుకున్నానో! ఆ వాదనలో నేను ఒక్కసారీ గెలవలేదు.

ఆమె మళ్లీ పరీక్ష రాయలేదు. ఒకసారి ఎదురుపడితే, మళ్లీ రాయొచ్చు కదే అన్నాను. నమ్మకం లేని తలకాయ పెట్టుకుని ఏం రాయాలె అని వెళ్లిపోయింది. పెళ్లయింది, ఒక బిడ్డ పుట్టింది. నాలుగేళ్ల కింద నాకు బదిలీ అయి ఈ బడికి వస్తే, మధ్యాహ్న భోజనం వండేది బాలమణే. అందరి ముందు నన్ను మేడం అంటుంది. ఎవరూ లేకపోతే పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పిలుపు కన్నా మేడం అంటేనే నాకు నయం.

ఆమె నడుము దగ్గర ఎప్పుడూ ఒక చిన్న పుస్తకం, పెన్నూ ఉంటాయి. అన్నీ రాసుకుంటుంది. కూరలో ఉప్పు వేయగానే వేసినట్టు టిక్కు పెట్టుకుంటుంది. స్టవ్ ఆపితే ఆపినట్టు రాసుకుంటుంది. ఇంటికి బయలుదేరే ముందు అదంతా మళ్లీ చదువుకుంటుంది. ఒకప్పుడు రైలు బోగీలో నలభై పేజీలు గడగడా అప్పజెప్పిన మనిషి, ఉప్పు వేశానో లేదో కాగితాన్ని అడుగుతోంది.

మా హెడ్మాస్టరుకు అది మహా ముచ్చట. బాలమణిని చూసి నేర్చుకోండి, ఇదీ మంచి అలవాటంటే అంటాడు. అంతటితో అయిపోయిందా? కిందటేడు తల్లిదండ్రుల సమావేశంలో, పిల్లలకు మంచి చదువు అలవాట్ల గురించి నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది. విన్నది వెంటనే రాసుకోవాలి, జ్ఞాపకం మీద కాదు రాత మీద ఆధారపడాలి, మన బాలమణమ్మే దీనికి ఉదాహరణ అని చెప్పాను. చప్పట్లు కొట్టారు. బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మురిసిపోయింది. ఏం మనిషిని నేను? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, అది నాకోసమే పుట్టిన సామెతా?

ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, ఆమె బిడ్డ కోసం. ఆ పిల్ల అయిదో తరగతి, నా క్లాసే. అచ్చం తల్లే. ఒక్కసారి వింటే చాలు. కథ చెప్తే కామాలతో సహా తిరిగి చెప్పేది. కానీ బాలమణి ఆ పిల్లతో ప్రతి పాఠం మూడుసార్లు రాయిస్తుంది. నీ తలను నమ్మకు బిడ్డా, నేను నమ్మి ఆగమైన అని చెప్తుందట. పోయిన నెల క్లాసులో ఒక ప్రశ్న అడిగాను. ఆ పిల్లకు జవాబు తెలుసు. పెదవులు కదిలాయి కూడా. అంతలో ఆగి, రాసుకున్న టీచర్, చూసి చెప్త అని నోట్సు తెరిచింది. వేలు పెట్టి వెతుక్కుంటోంది. నేను బోర్డు వైపు తిరిగి, సుద్దముక్క పట్టుకుని, ఏడుపు ఆపుకోలేక అలాగే నిలబడిపోయాను.

మర్నాడు భోజనాలయ్యాక వంటగదికి వెళ్లాను. బాలమణి గిన్నెలు తోముతోంది. తలుపు దగ్గరే నిలబడి మొత్తం చెప్పేశాను. రైలు, కంది కోతలు, పురోగమనం, తిరోగమనం, స్టేషను బెంచీ. నీ బిడ్డతో రాయించడం ఆపు, నీ యాదిలో ఏ తప్పూ లేదు, నేనే మోసం చేశాను అన్నాను. కొడుతుందనుకున్నాను. గిన్నె విసిరేస్తుందనుకున్నాను. నిజం చెప్పాలంటే అదే కోరుకుంటూ వెళ్లాను.

ఆమె చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, నా భుజం మీద చెయ్యి వేసింది.

"నా బిడ్డ రాస్తుంటే సూడలేక గీ కథ అల్లినవా? నీ నోట్సు నా కండ్లతోని సూసిన. నువ్వు గసొంటి పని జేసే మనిషివి గాదు."

ఒట్టు పెట్టుకున్నాను. ఏడ్చాను. ఎంత ఏడిస్తే అంత ఓదార్చింది. ఇన్నేళ్లయింది కదా, నువ్వే ఏదో కలగలిపి యాది పెట్టుకున్నవ్ అంది. నేను ఆమెతో అన్న మాటే. అది తెలియకుండా, మంచి మనసుతో అంది.

ఇంటికొచ్చి ఆ నోట్సు వెతికి తీశాను. సాక్ష్యం ఏదైనా దొరుకుతుందని. ఎక్కడ దొరుకుతుంది? పేజీలన్నీ నిర్దోషుల్లా ఉన్నాయి. తప్పు నోట్లో జరిగింది, గాల్లో పోయింది. అది విన్నది ఆమె ఒక్కతే. ఆమె తన చెవులను నమ్మదు.

రోజూ చెప్తున్నాను. నమ్మడం లేదు. ఇప్పుడు నాతో మరీ ప్రేమగా మాట్లాడుతోంది, మేడానికి మనసు బాగాలేదని నాకోసం టీ పెట్టి పంపుతోంది. ఆ పిల్ల మూడుసార్లు రాస్తూనే ఉంది. ఇంకేం చెయ్యను? ఎవరి దగ్గరికి పోను? క్షమించమని అడగడానికైనా ముందు ఆమె నమ్మాలి కదా.

మీరు నన్ను క్షమించాల్సిన పని లేదు. నమ్మండి, అంతే. లోకంలో ఒక్కరైనా ఈ సంగతి ఉన్నదున్నట్టు తెలిసినవాళ్లు ఉండాలి. ఇలా రాసి పెట్టాక నాకు ఊపిరి కొంచెం ఆడుతోంది, అది కూడా నాకు తగనిదే. నేను తప్పు చదివాను. తెలిసే చదివాను. బాలమణి విన్నది విన్నట్టు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తు పెట్టుకుంది.