రెండు చేతులూ పైకి లేస్తే

అప్పుడు నాకు పదిహేడేళ్లు. మాది విశాఖలో సముద్రం మీద చేపలు పట్టి బతికే కుటుంబం. రాష్ట్ర జట్టుకు ఎంపిక కావడానికి నాకదే ఆఖరి అవకాశం. ఈతకొలనులో వంద మీటర్ల బటర్‌ఫ్లై ఈత. మొదటి ఇద్దరికే చోటు. ఆ రోజు నాన్న వేట మానుకుని, మొదటిసారి నా పోటీ చూడ్డానికి వచ్చాడు.

చివరి సగంలో నా భుజాలు పట్టేశాయి. అయినా రెండో స్థానంలోనే ఉన్నాను. రెండు చేతులూ ఒక్కసారే పైకెత్తి, మునిగి, మళ్లీ లేస్తున్నాను. ఇంతలో పక్కనే నీళ్లలో పెద్ద చప్పుడు. ఎవరో నా నడుం పట్టి లాగారు. నాన్న! చొక్కా, లుంగీతోనే దూకేశాడు.

"ఒగ్గేయ్ నాన్నా, ఇంకా కొంచెమే ఉంది!" అని గింజుకున్నాను.

"బయపడకమ్మా, నాను పట్టుకున్నాను!" అంటూ గట్టుకు ఈడ్చుకుపోయాడు.

చూసేవాళ్లంతా పగలబడి నవ్వారు. రిఫరీ జాలిపడి, గంట తర్వాత మళ్లీ ఈదనిచ్చారు. నా భుజాలు లేవలేదు. చోటు పోయింది.

బస్టాపులో ఏడుస్తూ అరిచాను. "నీకేటైంది నాన్నా? అందరూ నవ్వినారు!"

నాన్న తడి లుంగీ పిండుకుంటూ తలొంచుకున్నాడు. "మీ సిన్నాన్న ములిగిపోయిన రోజు ఇలాగే రెండు సేతులూ ఎత్తినాడమ్మా. సేపలు పడ్డాయని సంబరపడతన్నాడనుకున్నాను. నాను కూడా సెయ్యూపి నవ్వినాను."

తర్వాత నేను ఫ్రీస్టైల్‌కి మారిపోయాను. భుజం నొప్పి వల్లేనని అందరికీ చెప్పాను. ఫ్రీస్టైల్‌లో ఒక్కో చెయ్యే పైకి లేస్తుంది. నాన్న గట్టు మీద కూర్చోగలడు.