తూర్పు గోడ పక్క సాంచాలు

లాక్‌డౌన్ ఎత్తేశాక మహారాష్ట్రలోని భివండీలో సాంచాలు మళ్లీ తిరగడం మొదలైన ఏడాది, నాగావ్‌లోని ఒక కార్ఖానాలో నేను వీవింగ్ మాస్టర్‌ని. మరమగ్గాలను మేం సాంచాలంటాం. గుడ్డలో వచ్చే ప్రతి తప్పుకూ సేఠుకు జవాబు చెప్పుకోవలసినవాడు మాస్టరు.

ఆ మరుసటి ఎండాకాలం తూర్పు గోడ పక్కనున్న సాంచాల మీద పడుగు పోగులు అదేపనిగా తెగసాగాయి. వాటిని నడిపేది రాజేశం. భార్య లక్ష్మి పోయిన నాలుగో రోజే పనికి వచ్చాడు. మైలలో సాంచ ముట్టకూడదని మావాళ్ల పట్టింపు. ఇంకేం, కారణం దొరికిందని అందరూ తేల్చేశారు. "వాణ్ని రేపటిసంది రావద్దను మాస్టర్" అన్నాడు సేఠు. నాకు ఒళ్లు మండింది. కొంచెం గడువు అడిగాను. రాజేశం మాత్రం ఎవరికీ ఎదురు చెప్పలేదు.

మైల మాటా, నూలు మంచిది కాదని అంతకుముందు కొందరన్న మాటా పక్కన పెట్టి మొదటి నుంచి ఆలోచించాను. పోగు ఎందుకు తెగుతుంది? దాని బలం కన్నా లాగుడు ఎక్కువైతే. పడుగు చుట్టిన బీముకు బిగువు కోసం వేలాడదీసే బరువులు చూశాను, అన్ని సాంచాలకూ ఒకటే. లాగుడు పెరగలేదు కాబట్టి బలమే తగ్గి ఉండాలి. రాజేశం బీమును ఎదుటి వరుసలో ఎక్కించి అతన్నే నడపమన్నాను. చక్కగా నడిచింది. అక్కడి బీమును గోడ పక్కకు తెచ్చి ఇంకొకరిని నిలబెడితే తెగింది. అంటే తప్పు మనిషిదీ కాదు, నూలుదీ కాదు, ఆ చోటుది.

గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. గోడ అవతలి కార్ఖానావాళ్లు కొత్తగా పెట్టిన బాయిలరు పొగగొట్టం ఆ గోడనానుకునే పోతోంది. గంజి పట్టిన పోగుకు కాస్త తేమ కావాలి, మరీ ఎండితే పెళుసెక్కుతుంది. గోడ పొడుగునా తడి గోనెలు కట్టించాక పోగులు తెగడం తగ్గింది. సేఠు ఇక రాజేశం ఊసెత్తలేదు.

నేను సంబరంగా రాజేశాన్ని పిలిచి, గోనె పక్కకు జరిపి, గోడ మీద చెయ్యి పెట్టించాను. అతను చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"ఇంట్ల కూసోలేక వచ్చిన కాకా. పోగు తెగినప్పుడల్లా లక్ష్మి ఇంటికి రమ్మంటున్నదనుకున్న" అన్నాడు. "గీ గోడనా?"

ఆ తర్వాత ఎప్పుడైనా పోగు తెగితే ముడి వేసి మళ్లీ సాంచ నడిపేవాడు, అంతే.

కారణం వెతికేటప్పుడు ఎవరి మాటా నమ్మకుండా మొదటి నుంచి మొదలుపెట్టాలని ఇప్పటికీ అంటాను. అది దొరికాక మాత్రం, ఎవరికి చెప్పబోతున్నామో వాళ్లు అప్పటికే ఏమనుకుంటున్నారో ముందు అడగాలి.